అమ్మానాన్నలతో శాండ్స్ పాయింట్ ప్రిజర్వ్ (లాంగ్ ఐలాండ్): పెద్దవాళ్లకి వీలుగా ఉంటుందా?

ఆకివీడు_టు_హిక్స్‌విల్:

అందరికీ నమస్కారం. అమ్మా నాన్నా వచ్చి నెల దాటింది, ఇంకో రెండు నెలలుంటారు. లిబర్టీ విగ్రహం, నయాగరా, టైమ్స్ స్క్వేర్ అయిపోయాయి. ఫ్లషింగ్ గణపతి గుడికి మూడుసార్లు వెళ్లాం, మూడోసారి వెళ్లింది అచ్చంగా కింద కాంటీన్‌లో దోసె కోసమే, దేవుడేమనుకున్నాడో మరి. ఇప్పుడు వారాంతం వస్తోందంటే నాకు టెన్షన్, ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియక.

ఆఫీసులో ఒకాయన శాండ్స్ పాయింట్ ప్రిజర్వ్‌కి వెళ్లమన్నాడు. వందేళ్ల కిందటి కోటీశ్వరుల బంగళాలు, అడవి, కింద నీళ్ల ఒడ్డు అని చెప్పాడు. ఇంట్లో చెప్తే నాన్న ఒకటే మాట: "పెద్దోళ్ల ఇళ్లు చూడ్డానికి అంత దూరం ఎందుకురా, నూజివీడులో లేవా?" ఆయనకి 71, మోకాళ్లు నొప్పి, అర మైలు నడిస్తే ఎక్కడో చోట కూర్చోవాలి. అమ్మకి షుగర్, టైముకి తినాలి. పాపకి ఎనిమిదేళ్లు, దానికి ఎక్కడైనా సరే ఓకే.

వెళ్లినవాళ్లు చెప్పండి, నడక ఎంత ఉంటుంది, ఇళ్ల లోపలికి రానిస్తారా, ఒడ్డున నీళ్లలో దిగొచ్చా, పూట సరిపోతుందా లేక రోజంతా కావాలా? శనివారం కారు మా ఆవిడకి కావాలేమో, అప్పుడు ట్రైన్‌లో వెళ్లొచ్చా అన్నది కూడా.

పోర్ట్‌వాషింగ్టన్_పక్కూరు:

ట్రైన్ సంగతి ముందు చెప్తాను, మర్చిపోండి. పోర్ట్ వాషింగ్టన్ లైను వేరు, అది జమైకా మీదుగా పోదు, మీరు హిక్స్‌విల్ నుంచి వుడ్‌సైడ్ దాకా వెనక్కి పోయి మారి మళ్లీ ఇటు రావాలి, చివరి స్టేషన్‌లో దిగాక ఇంకో మూడు మైళ్లు క్యాబ్. పెన్ స్టేషన్ వైపు ఉండేవాళ్లకైతే బానే ఉంటుంది, మీకు కాదు. కారు ఉన్నరోజే పెట్టుకోండి. ఎల్ఐఈ (లాంగ్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే) మీద 36వ ఎగ్జిట్ దగ్గర సియరింగ్‌టౌన్ రోడ్‌లో ఉత్తరం వైపు తిరిగితే అదే కాసేపటికి పోర్ట్ వాషింగ్టన్ బూలవార్డ్ అవుతుంది, తర్వాత అదే మిడిల్ నెక్ రోడ్ అవుతుంది, తిన్నగా పోవడమే. గేటు దగ్గర కారుకి ఇంత అని తీసుకుంటారు.

మొత్తం 216 ఎకరాలు, కానీ నాన్నగారు చూడాల్సినదంతా పార్కింగ్ చుట్టుపక్కలే ఉంది. కారు దిగగానే కోటలా కనిపించేది క్యాజిల్ గౌల్డ్. అందరూ దాన్నే బంగళా అనుకుని ఫొటోలు దిగుతారు, అది గుర్రాల శాల! పనివాళ్లు ఉండే గదులు కూడా అందులోనే. పాపకి ముందు చెప్పకండి, దిగాక చెప్పండి. ఐర్లండ్‌లో కిల్కెనీ కోటని చూసి కట్టించారట, సుమారు లక్ష చదరపు అడుగులు. యజమాని ఉండే హెంప్‌స్టెడ్ హౌస్ కాస్త అవతల, 40 గదులు, అది యాభై వేల చదరపు అడుగులే. గుర్రాలకి ఉన్నదాంట్లో సగమే అన్నమాట మనుషులకి.

హెంప్‌స్టెడ్ హౌస్ లోపలికి టూర్ ఉన్నరోజే పోగలం, పెళ్లిళ్లు, ఫంక్షన్లు కూడా జరుగుతుంటాయి కాబట్టి వాళ్ల వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. నిజం చెప్పాలంటే లోపలికి పోకపోయినా నష్టం లేదు, ఆ ఇంటి వెనక్కి నడవండి, పచ్చిక దాటగానే ఒక్కసారిగా నీళ్లు కనిపిస్తాయి. మా వాళ్లు అక్కడే దుప్పటి పరుచుకుని పులిహోర డబ్బా తీశారు.

లోపల చూడాల్సిన ఇల్లు ఫలేజ్. 1923 నాటిది. ఫ్రెంచిలో ఆ మాటకి కొండ అంచు అని అర్థం, పేరుకి తగ్గట్టే గట్టు అంచున ఉంటుంది. గైడ్‌తో మాత్రమే, ఎండాకాలం సీజన్‌లో కొన్ని రోజులే, టిక్కెట్లు కొద్దిగా ఉంటాయి. ముందే కొనండి. కొనేటప్పుడే మెట్లెన్ని, మధ్యలో కూర్చోవచ్చా, పాప వయసుకి రానిస్తారా అని అడగండి. మేము మొదటిసారి ఏమీ చూసుకోకుండా వెళ్లి బయట నుంచే చూసి వచ్చాం, తప్పు మాదే.

ఒడ్డు దగ్గర ఈత లేదు. అసలది ఈతకొట్టే బీచ్ కాదు, గులకరాళ్లు, అలలు కూడా ఉండవు, లాంగ్ ఐలాండ్ సౌండ్ అనే సముద్రపు పాయ కదా, కాలవకి అన్నలాంటిది. కిందికి దారి వాలుగా ఉంటుంది. దిగడం సుఖమే, ఎక్కేటప్పుడే మోకాళ్లు గుర్తొస్తాయి, నాన్నగారిని మెల్లగా, ఆగుతూ తీసుకురండి. బాత్‌రూమ్ పని పైనే చూసుకోండి, అడవి దారిలోకి వెళ్లాక దొరకదు.

ఇంకోటి, వెళ్లే ముందు ఆటుపోట్ల టైము చూసుకోండి. ఇటువైపు సౌండ్‌లో పోటుకి పాటుకి ఏడడుగుల దాకా తేడా ఉంటుంది. పోటు మీద వెళ్తే నడవడానికి ఒడ్డు సన్నగా మిగులుతుంది, పాటు మీద వెళ్తే బోలెడు చూడొచ్చు.

రాకెట్_పిచ్చి:

పైన ఆయన దారి చెప్పారు, నేను కథ చెప్తాను, ఎందుకంటే కథ తెలియకపోతే నాన్నగారన్నట్టు అది ఇంకో జమీందారు ఇల్లే.

ఈ స్థలం మొదట హోవర్డ్ గౌల్డ్‌ది. రైల్‌రోడ్ల మీద సంపాదించిన జే గౌల్డ్ కొడుకు. భార్య నాటక నటి, క్యాథరిన్ క్లెమన్స్. ఐరిష్ కోట లాంటిది కావాలన్నది ఆవిడ ముచ్చటేనంటారు. గుర్రాల శాల అయితే పూర్తయింది గానీ అసలు ఇల్లు లేచేలోపే మొగుడూ పెళ్లాలకి చెడింది, 1909లో కోర్టు ద్వారా విడిపోయారు, ఇల్లు పూర్తయింది 1912లో. ఐదేళ్లు తిరక్కుండానే, 1917లో, ఆయన దాన్ని డేనియల్ గుగన్‌హైమ్‌కి అమ్మేశాడు. అంత ఇల్లూ ఎవరి ముచ్చట కోసం మొదలైందో ఆవిడ అందులో కాపురమే చెయ్యలేదు.

గుగన్‌హైమ్‌లది గనుల డబ్బు, రాగి, వెండి, ఖనిజం కరిగించే ఫ్యాక్టరీలు. మన్‌హట్టన్‌లో ఫిఫ్త్ అవెన్యూ మీద గుండ్రంగా ఉండే మ్యూజియం ఈ డేనియల్ తమ్ముడు సోలమన్ పేరు మీదిది. డేనియల్‌కీ ఆయన కొడుకు హ్యారీకీ మాత్రం విమానాల పిచ్చి. విమానం అంటే సర్కస్ ఆట అనుకునే రోజుల్లో, 1926లో, విమానయానం కోసమని 25 లక్షల డాలర్లతో ఒక నిధి పెట్టారు. ఆ డబ్బుతోనే యూనివర్సిటీల్లో ఏరోనాటిక్స్ స్కూళ్లు వచ్చాయి. జార్జియా టెక్‌లో ఏరోస్పేస్ చదివిన మనవాళ్లని అడగండి, వాళ్ల డిపార్ట్‌మెంట్ పేరే డేనియల్ గుగన్‌హైమ్ స్కూల్.

ఇక లిండ్‌బర్గ్. 1927 మేలో ఒక్కడే విమానంలో అట్లాంటిక్ దాటి పారిస్‌లో దిగాడు కదా, ముప్ఫై మూడున్నర గంటలు. ఆ విమానం లేచిందెక్కడో తెలుసా, మీరు శనివారం శనివారం బట్టలు కొనుక్కునే రూజ్‌వెల్ట్ ఫీల్డ్ మాల్! అప్పుడది విమానాల మైదానం, పేరు అలాగే మిగిలింది. తిరిగొచ్చాక జనం ఆయన్ని ఎక్కడా నిలబడనివ్వలేదు, హ్యారీ తన ఇంట్లో, అంటే ఫలేజ్‌లో, దాచిపెట్టినట్టు ఉంచాడు. ఆ ప్రయాణం గురించిన పుస్తకం ఆయన అక్కడే కూర్చుని రాశాడు, కొన్ని వారాల్లో.

నాకు అన్నిటికంటే నచ్చేది దీని తర్వాతి ముక్క. రాబర్ట్ గాడర్డ్ అని ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్, 1926లో మొదటి ద్రవ ఇంధన రాకెట్ వదిలినవాడు, పేపర్లు ఎగతాళి చేస్తుంటే చాటుగా పని చేసుకునేవాడు. లిండ్‌బర్గ్ వెళ్లి ఆయన్ని కలిసి, ఈ డేనియల్ గుగన్‌హైమ్‌కి చెప్పి, 1930లో లక్ష డాలర్లు ఇప్పించాడు. ఆ డబ్బుతో గాడర్డ్ న్యూ మెక్సికోలోని రాజ్‌వెల్‌కి మకాం మార్చి రాకెట్ల మీద రాకెట్లు వదిలాడు. శ్రీహరికోటలో పైకి లేచేదానిలో కూడా ద్రవ ఇంధనం మండుతుందండీ, అందుకే ఆ గట్టు మీద నిలబడితే నాకు కాస్త ఒళ్లు జలదరిస్తుంది, మా ఆవిడ నవ్వుతుందనుకోండి.

తర్వాతది గబగబా: డేనియల్ 1930లోనే పోయాడు. 1940లో యుద్ధం అప్పుడు 75 మంది బ్రిటిష్ పిల్లల్ని ఆ పెద్దింట్లో ఉంచారు. 1946 నుంచి 1967 దాకా నేవీ చేతిలో ఉంది, పైలట్లకీ నావికులకీ శిక్షణ ఇచ్చే పరికరాలు అక్కడే తయారు చేశారు. హ్యారీ 1971లో పోతూ ఫలేజ్‌ని నాసో కౌంటీకి ఇచ్చేశాడు. న్యూస్‌డే పేపరు పెట్టింది కూడా ఈ హ్యారీ, ఆయన భార్య అలీషియా ప్యాటర్సన్, 1940లో.

ఓయిస్టర్‌బే_అల్లుడు:

హిక్స్‌విల్ నుంచి అంత దూరం ఎందుకండీ, ఓయిస్టర్ బే దగ్గర శాగమోర్ హిల్ ఉంది కదా. థియొడర్ రూజ్‌వెల్ట్ ఇల్లు, 1885 నుంచి ఆయన చనిపోయిన 1919 దాకా ఉన్నది అక్కడే, ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఎండాకాలం దేశాన్ని అక్కడినుంచే నడిపాడు. రష్యా జపాన్ యుద్ధం ఆపడానికి రెండు దేశాల వాళ్లనీ 1905లో ఆ ఇంటికే పిలిపించాడు, దానికే మరుసటేడు నోబెల్ వచ్చింది. వెనక చెట్ల మధ్య నుంచి దారి, చివర చెక్క వంతెన, దాటితే కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ నీళ్లు. ఇంటి టూర్‌కి ముందే టిక్కెట్టు తీసుకోవాలి, ఆవరణ ఊరికే చూడొచ్చు.

ఒక్క హెచ్చరిక. లోపల గోడల నిండా ఆయన వేటాడిన జంతువుల తలకాయలు ఉంటాయి, నేల మీద చర్మాలు. మా అత్తగారు చిన్నప్పట్నుంచి గుడ్డు కూడా ముట్టని మనిషి, మొదటి గదిలోనే నా చెయ్యి పట్టుకుని "బాబూ, బయట కూర్చుంటా" అన్నారు. మామగారు మాత్రం గైడ్‌ని ఇంకా ఇంకా ప్రశ్నలడిగారు. మీ అమ్మగారెలాంటివారో చూసుకోండి.

కామ్‌సెట్ అని ఎవరైనా చెప్తారు, లాయిడ్ నెక్ దగ్గర, మార్షల్ ఫీల్డ్ ఎస్టేట్. అద్భుతంగా ఉంటుంది గానీ అది 1,500 ఎకరాల పైన, పార్కింగ్ నుంచి పెద్దింటికి మైలు పైనే నడవాలి. మోకాళ్లవాళ్లని తీసుకెళ్లకండి.

ఆకివీడు_టు_హిక్స్‌విల్:

అందరికీ థ్యాంక్స్. తలకాయల మాట చెప్పి మంచిపని చేశారు, అమ్మ వల్ల కాదు, శాండ్స్ పాయింటే ఖాయం. రాజ్‌వెల్, శ్రీహరికోట ముక్క నాన్నకి చదివి వినిపిస్తే పేపరు పక్కన పెట్టి విన్నారు.

ఒకటి అడగాలి. అక్కడ పురుగులు కుడతాయి, ఏదో జ్వరం వస్తుంది అంటున్నారు, నిజమేనా? పెద్దవాళ్లకి విజిటర్ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంది, దాంతో ఏం కవర్ అవుతుందో దేవుడికే తెలియాలి.

క్వీన్స్_నర్సు:

నిజమే, టిక్స్. మన దగ్గర గేదెల చెవుల్లో పట్టుకునే పిడుదులే, కాకపోతే ఇక్కడివాటిలో నల్లకాళ్ల రకం లైమ్ జబ్బు అంటిస్తుంది. ఆ పేరు కూడా ఈ సౌండ్ అవతలి ఒడ్డున కనెక్టికట్‌లో ఉన్న లైమ్ అనే ఊరి నుంచి వచ్చిందే. మే నుంచి జులై దాకా పిల్ల పిడుదులు తిరుగుతాయి, గసగస గింజంత ఉంటాయి, కనపడవు.

కంగారు పడాల్సింది లేదు, పద్ధతిగా ఉంటే చాలు. లేతరంగు ప్యాంట్లు, సాక్సుల్లోకి దోపుకోవాలి, చూడ్డానికి బాగోదు, ఫొటోలయ్యాక దోపుకోండి. అమ్మగారు చీరే కడతానంటే ఇళ్ల దగ్గర, పచ్చిక కత్తిరించిన చోట ఉండమనండి, చెట్లలోకి వద్దు. దారి మధ్యలో నడవండి, పక్క గడ్డికి రాసుకోకుండా. డీట్ (పురుగుల్ని దగ్గరికి రానివ్వని మందు) ఉన్న స్ప్రే కాళ్లకి కొట్టుకోండి. ఇంటికి రాగానే స్నానం, మోకాళ్ల వెనక, చంకల్లో, బొడ్డు దగ్గర, జుట్టు కుదుళ్లలో వెతకాలి. పాపకి తల దువ్వుతూ చూడండి.

పట్టుకుని ఉంటే సన్నని ట్వీజర్లతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్ల పెట్టడం లాంటి ఊరి వైద్యం వద్దు. మామూలుగా ఒక రోజు పైన అంటుకుని ఉంటేనే లైమ్ పాకుతుంది, అందుకే ఆ సాయంత్రం వెతకడం ముఖ్యం. తర్వాత నెల లోపు ఎర్రగా గుండ్రటి మచ్చ పాకుతున్నా జ్వరం వచ్చినా డాక్టర్‌కి చూపించండి, మొదట్లో పట్టుకుంటే యాంటీబయాటిక్‌తో పోతుంది.

రెండోది పాయిజన్ ఐవీ. మూడేసి ఆకుల తీగ, చెట్లని పట్టుకుని పాకుతుంది. అది మన మామిడి, జీడి కుటుంబందే. మామిడికాయ తొడిమ సొన మూతికి తగిలితే పొక్కుతుంది చూడండి, అలాంటిదే, ఇంకా గట్టిగా. పలాస వైపు జీడిపిక్కలు వలిచేవాళ్ల చేతులు ఎలా కాలతాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడిగెయ్యాలి, గోకకూడదు. మీ అమ్మగారు ఏదో ఆకు తెంపి వాసన చూసే రకం అయితే ముందే చెప్పి ఉంచండి. మా అమ్మ ఆ రకమే.

ఆకివీడు_టు_హిక్స్‌విల్:

నిన్న శనివారం వెళ్లొచ్చాం. రాయకపోతే బాగోదు.

పదిన్నరకి చేరాం. క్యాజిల్ గుర్రాలది అని చెప్పగానే పాప నోరు తెరిచింది, అమ్మ మాత్రం "మరి పేడ ఎవరెత్తేవాళ్లో" అంది. ఫలేజ్ టూర్‌కి మా ఆవిడా అమ్మా వెళ్లారు. అమ్మ గది గదికీ తల పైకెత్తి చూసిందట, చివర్లో గైడ్‌కి అర్థం కాదన్న ధైర్యంతో "ఇంత ఇంటికి బూజులు దులపాలంటే నెల పడుతుందే" అందట. వరండాలో కమానుల్లోంచి నీళ్లు కనపడే చోట మాత్రం కదలనందట, మా ఆవిడే లాక్కొచ్చింది.

నాన్న ఇంట్లోకి రానన్నారు. పాపా నేనూ ఆయన్ని పట్టుకుని కిందికి దిగాం, మూడుచోట్ల ఆగి. ఒడ్డుకి రాగానే ఆయన గట్టు వైపు చూడలేదు, బంగళా వైపూ చూడలేదు, వంగి రాళ్ల మీద తడి గీత చూశారు. "పాటు అయిపోవచ్చింది, ఇంకో పావుగంటలో నిలబడిపోద్ది" అన్నారు. నేను ఫోన్ తీసి చూస్తే పాటు పన్నెండుకి, అప్పుడు టైము పదకొండూ నలభై. మా ఊరి పక్కనే ఉప్పుటేరు, కొల్లేటి నీళ్లు సముద్రంలోకి పోయే ఏరు, పోటు మీద ఉప్పునీరు ఎదురెక్కుతుంది, ఆ లెక్క చూసుకుని చేపల చెరువులకి నీళ్లు పెట్టుకున్న మనిషి. నలభై ఏళ్లు. నేనెప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

కాస్త ముందుకి పోతే పీత ఒకటి వెల్లకిలా పడి కాళ్లాడిస్తోంది, బోర్లించిన మూకుడంత, వెనక ముల్లులాంటి తోక. గుర్రపునాడా పీత. పాప భయపడింది. నేను తోక పట్టుకోబోతే అక్కడున్న ఒకావిడ వద్దని, చిప్ప అంచు పట్టుకుని తిప్పమంది. నాన్నే తిప్పారు. అది బోర్లా పడి కాసేపు ఆలోచించుకుని నీళ్లలోకి పోయింది. మే, జూన్ నెలల్లో పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోటు మీద గుంపుగా ఒడ్డెక్కి గుడ్లు పెడతాయని ఆవిడ చెప్పింది, నేను నాన్నకి తెలుగులో చెప్పాను.

అంతలో పైన గద్ద ఒకటి తిరిగి దబ్బున నీళ్లలో పడి చేపతో లేచింది. నాన్న మొహం చూడాలి. "కొరమీను గద్దరా! ఈ దొంగ ఇక్కడికీ వచ్చిందా" అని నవ్వారు. చలికాలం మా చెరువుల మీద తిరిగేది ఆ జాతేనట.

ఎక్కేటప్పుడు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది, మోకాలికి రాత్రి నూనె రాశాం. పిడుదులు వెతికాం, ఏమీ లేవు.

ఈరోజు పొద్దున్న కాఫీ తాగుతూ ఆయనే ఎత్తారు. "నిన్న అష్టమి, నీళ్లు పెద్దగా లాగలేదు. పున్నమికైతే పోటు ఎక్కడిదాకా వస్తుందో చూడాలి. ఆ పీతలు వస్తాయందిగా ఆవిడ." సాయంత్రానికి గేటు వేసేస్తారు నాన్నా అన్నాను. "పున్నమికి మిట్టమధ్యాహ్నం కూడా పోటే ఉంటుంది రా అక్కడ, నిన్నటి లెక్క ప్రకారం" అని వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, అమ్మని క్యాలెండర్ చూడమన్నారు.

వచ్చే శనివారమేనట పున్నమి. కారు నాకే కావాలని మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.